ఇంజిన్ నడుస్తున్నా బ్యాటరీ ఎక్కట్లేదు. బ్యాటరీ, డైనమో రెండూ చూపించాను. ఇంకేం చూడాలి?

మిర్చిబండి
డీజిల్ పికప్, 2014 మోడల్. నర్సంపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి కొడతాను. మూడు నాలుగు రోజులకోసారి బ్యాటరీ డౌన్ అవుతోంది. పగలు తిరిగితే ఏమీ తెలియదు. రాత్రి హెడ్‌లైట్లు వేసుకొని లోడుతో వచ్చానంటే తెల్లారి సెల్ఫ్ కొడితే టక్ టక్ అంటుంది తప్ప ఇంజిన్ తిరగదు.

పోయిన వానాకాలం బ్యాటరీ మార్చాను. జనవరిలో మళ్లీ ఇంకోటి. డైనమో విప్పించి కార్బన్ బ్రష్షులు, కటౌట్ (రెగ్యులేటర్), బేరింగులు వేయించాను. బెల్టు కూడా కొత్తదే. మీటర్ బోర్డులో బ్యాటరీ ఎర్ర లైటు తాళం తిప్పగానే వెలుగుతుంది, ఇంజిన్ అందుకోగానే ఆరిపోతుంది. అంటే చార్జింగ్ బాగున్నట్టే కదా?

మొన్న తెల్లవారుజామున మార్కెట్ గేటు బయట లైన్లో ఆగి ఇంజిన్ బంద్ చేశాను. లైను కదిలింది, నా బండి కదల్లేదు. వెనక హారన్లే హారన్లు. బండిలో ఉన్న 38 బస్తాలు ఒక కౌలు రైతువి. ఆయన, ఆయన కొడుకు, ఇద్దరు హమాలీలు కలిసి తోశారు. ఆ పెద్దమనిషి నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. సీజన్ ఇంకా నెలకు పైనే ఉంది, ఇట్లా ఎన్నిసార్లు తోయించాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

భీమారం బుల్లెట్
మూడో బ్యాటరీ మాత్రం కొనకు అన్నా. ఎనిమిది నెలల్లో రెండు పోయాయంటే తప్పు బ్యాటరీది కాదు.

పరకాల ట్రాక్టర్
డైనమో రిపేరు సరిగ్గా చేయలేదు. చూడటం చాలా ఈజీ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ టెర్మినల్ ఒకటి ఊడదీయ్. ఇంజిన్ ఆగిపోతే డైనమో పోయినట్టు, నడిస్తే బాగున్నట్టు. మా నాయన ముప్పై ఏళ్లు ఇట్లనే చూశాడు.

వైరింగ్ కాక
ఆ పని చేయకు మిర్చిబండి తమ్మీ, దండం పెడతా.

పరకాల తమ్మీ, మీ నాయన రోజుల్లో అది నడిచింది. ఇప్పుడు డైనమో అని మనం నోటి మాటగా అంటున్నాం గానీ, లోపల ఉన్నది ఆల్టర్నేటర్. చార్జ్ అవుతుండగా బ్యాటరీని ఒక్కసారిగా తప్పిస్తే వోల్టేజీ క్షణంలో ఎగబాకుతుంది. డయోడ్లు, రెగ్యులేటర్ కాలిపోతాయి. బండిలో కంప్యూటర్ ఉంటే అదీ పోవచ్చు. ఇంకో మాట, మామూలు పంపు ఉన్న పాత డీజిల్ ఇంజిన్ ఒకసారి అందుకుంటే కరెంటు లేకపోయినా నడుస్తూనే ఉంటుంది. ఆల్టర్నేటర్ చచ్చినా నడుస్తుంది. అప్పుడు ఆ పరీక్షతో ఏం తెలిసింది?

హన్మకొండలో 27 ఏళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నా. ఊరికే బలైపోయిన డైనమోలు, బ్యాటరీలు చాలా చూశాను. ముందు మల్టీమీటర్ తెచ్చుకో, మామూలుది చాలు.

పరకాల ట్రాక్టర్
మా పాత ట్రాక్టర్‌కు ఇప్పటిదాకా ఏమీ కాలేదు కాక. అయినా మీరు చెప్పారు కాబట్టి ఇక చేయను.

జమ్మికుంట పత్తి
నూటికి తొంభై ఎర్తే, అంటే బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే దారి. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర నుంచి తిరిగొస్తున్నాం. తాడ్వాయి అడవిలో జీపు హెడ్‌లైట్లు పసుపు రంగుకు తిరిగి, కొవ్వొత్తుల్లా మిణుకుమిణుకుమన్నాయి. పక్కన అమ్మ, చిన్నమ్మ, ఇద్దరు పిల్లలు. బెల్లం బుట్ట ఒళ్లో పెట్టుకుని అమ్మ ఒకటే మొక్కడం. ముందు పోతున్న బస్సు టెయిల్ లైట్లు పట్టుకుని ములుగు దాకా వచ్చాం. తర్వాత తెలిసింది, గేర్‌బాక్స్ పని చేసినవాళ్లు ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు వచ్చే ఎర్త్ పట్టీని పెయింటు మీదే బిగించారు. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే పోయింది. నీది కూడా అదే అన్నా, రాసిస్తా.

భీమారం బుల్లెట్
ఎలుకలు కూడా చూడు. వడ్ల బస్తాల దగ్గర బండి పెడితే రాత్రికి రాత్రే వైర్లు కొరికేస్తాయి.

వైరింగ్ కాక
ఎర్త్ కావచ్చు, ఎలుక కావచ్చు. మనం రాసివ్వడం ఎందుకు, మీటర్ చెబుతుంది.

మీటర్ డీసీ 20 వోల్టుల మీద పెట్టు. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే తాళం తిప్పకముందు బ్యాటరీ రెండు పోల్స్ మీద చూడు. నిండుగా ఉంటే 12.6 దగ్గర ఉంటుంది. 12.2 అంటే సగం. 12 కంటే దిగితే దాదాపు ఖాళీ.

తర్వాత స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి, మనిషి కూర్చుని రేసు కాస్త ఎత్తి పట్టుకోవాలి. బ్యాటరీ మీద మళ్లీ చూడు. 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. చాలామంది లైట్లు వేయకుండా ఐడిల్‌లో చూసి బాగుంది అనేస్తారు. లోడు లేకుండా ఏ వైరైనా మంచిగానే కనిపిస్తుంది. నీ బండి పగలు బాగుండి రాత్రి మొరాయిస్తోందంటేనే నాకు అనుమానం అటు పోతోంది.

బెల్టుకు, ఫ్యానుకు చేతులు, తువ్వాలు, మీటర్ తీగలు తగలకుండా చూసుకో.

హంటర్ రోడ్ టీచర్
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మీటర్‌లో ఎర్ర తీగ ఏ రంధ్రంలో పెట్టాలి? మా కారుకు కూడా చూద్దామని. నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి వస్తోంది, దగ్గరికి వెళ్తే ఘాటు వాసన.

వైరింగ్ కాక
మేడమ్, నల్లది కామ్ అని ఉన్నదాంట్లో, ఎర్రది వోల్టు గుర్తు ఉన్నదాంట్లో. 10 ఆంపియర్లు అని రాసినదాంట్లో మాత్రం పెట్టకండి. అందులో పెట్టి బ్యాటరీకి తగిలిస్తే నేరుగా షార్టు అయినట్టే. మీది ఉల్టా కేసులా ఉంది. ఇంజిన్ ఆన్‌లో ఎంత వస్తుందో చూసి చెప్పండి.

మిర్చిబండి
కాక, చూశాను. పొద్దున 12.2. స్టార్ట్ చేసి లైట్లు లేకుండా 13.5. లైట్లు, బ్లోయర్ వేసి రేసు ఎత్తితే 12.5. ఎంత రేసు ఇచ్చినా అంతకు మించి పోవట్లేదు.

అయితే డైనమో మళ్లీ పోయిందా? బాగు చేసినాయన దగ్గరికి పోయి గొడవ పెట్టుకోవాలా?

వైరింగ్ కాక
ఆగు. ఇప్పుడే ఎవరినీ అనకు. డైనమో వెనక మందపాటి వైరు బిగించే స్టడ్ ఉంటుంది. ఎర్ర తీగ దాని మీద, నల్ల తీగ డైనమో బాడీ మీద పెట్టు. అన్నీ ఆన్‌లోనే ఉండాలి. ఎర్ర తీగ స్టడ్‌కూ బాడీకీ ఒకేసారి తగలకుండా జాగ్రత్త.

తర్వాత ఎర్ర తీగ స్టడ్ మీద, నల్లది బ్యాటరీ ప్లస్ మీద. తర్వాత ఒకటి డైనమో బాడీ మీద, ఇంకోటి బ్యాటరీ మైనస్ మీద. మూడు అంకెలు రాసి పెట్టు.

ఐటీఐ కుర్రోడు
ప్లస్ నుంచి ప్లస్‌కు కొలిస్తే సున్నా రావాలి కదా సార్? రెండు చివరలూ ఒకే వైరువే.

కాజీపేట జంక్షన్
వైరు బాగుంటే సున్నాకు దగ్గరగా వస్తుంది బాబూ. ఎంత వచ్చిందో అంత వోల్టేజీని ఆ వైరే మింగుతోందని అర్థం. 0.2, 0.3 వరకు ఫర్వాలేదు. అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో అడ్డం ఉంది.

రైల్వేలో ట్రైన్ లైటింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను. బోగీ కింద కూడా ఆల్టర్నేటరే, ఇరుసు నుంచి బెల్టుతో తిరుగుతుంది, బ్యాటరీలు 110 వోల్టులవి. అంకెలు పెద్దవి, కథ అదే. లైట్లు మసకగా ఉన్నాయని కంప్లయింట్ వస్తే కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ముందు ఆల్టర్నేటర్ దింపుదామనేవారు. నేను ముందు జంక్షన్ బాక్సు మూత తీయమనేవాణ్ని.

మిర్చిబండి
స్టడ్ నుంచి డైనమో బాడీకి: 14.3
స్టడ్ నుంచి బ్యాటరీ ప్లస్‌కు: 1.7
డైనమో బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కు: 0.1
రెండేసిసార్లు చూశాను. మా తమ్ముడు రేసు పట్టుకున్నాడు.

కాజీపేట జంక్షన్
కూడి చూడండి. 12.5, 1.7, 0.1 కలిపితే సరిగ్గా 14.3. లెక్క తేలింది. డైనమో తన పని చేస్తోంది. బ్యాటరీకి చేరేలోపు ప్లస్ దారిలో 1.7 వోల్టులు పోతున్నాయి. ఎర్త్ శుభ్రంగా ఉంది.

జమ్మికుంట పత్తి
నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఎర్త్ కాదు.

మిర్చిబండి
మరి ఎర్ర లైటు ఎందుకు వెలగలేదు? అది వెలిగి ఉంటే నేను ముందే జాగ్రత్త పడేవాణ్ని కదా. ఇంకోటి, డైనమో రిపేరు చేసినప్పుడు ఆ వైరు కూడా చెక్ చేశారు. మీటర్ కీక్ మంది, వైరు బాగుందన్నారు.

వైరింగ్ కాక
ఆ లైటు డైనమో పుట్టిస్తోందా లేదా అన్నదే చెబుతుంది. బ్యాటరీకి చేరిందా లేదా అన్నది దానికి తెలియదు. మీ బండిలో కటౌట్ డైనమో లోపలే ఉంది, అది తన స్టడ్ దగ్గర వోల్టేజీ చూసుకుంటుంది. అక్కడ 14.3 ఉంది కాబట్టి అంతా బాగుందనుకుని అక్కడే ఆగిపోతోంది. పంపాల్సింది పంపాను అన్నట్టు.

కాజీపేట జంక్షన్
కీక్ మన్న సంగతి నేను చెబుతాను, ఎందుకంటే చాలామంది మోసపోయేది ఇక్కడే.

మీటర్ కంటిన్యూయిటీ, అంటే వైరు తెగిందా లేదా అని చూసేటప్పుడు వైరులోంచి పంపేది ఎంతో కాదు, ఒక మిల్లీఆంపియర్ అటూ ఇటూ. దానికి ఒక్క రాగి పోగు మిగిలినా చాలు, కీక్ మంటుంది. కానీ రాత్రి మీరు లైట్లు, బ్లోయర్ వేసినప్పుడు అదే వైరులో 30, 35 ఆంపియర్లు పోవాలి. మీది నర్సంపేట కదా, పాఖాల చెరువు తూము అనుకోండి. పూడిక నిండినా చెంబెడు నీళ్లు ఈ పక్క పోస్తే ఆ పక్క వస్తాయి. తూము బాగుందని ఆయకట్టు రైతుకు చెప్పగలమా?

ఇంకో లెక్క కూడా వేయండి. 35 ఆంపియర్లు, 1.7 వోల్టులు గుణిస్తే దాదాపు 60 వాట్లు. మీ హెడ్‌లైట్ బల్బు ఒకటి ఎంత వేడిని ఇస్తుందో అంత వేడి, ఆ వైరులో ఏదో ఒక్క చోట పుడుతోంది. మిర్చి లోడు బండి. ఇది సెల్ఫ్ తీసుకోకపోవడం కంటే పెద్ద విషయం. దయచేసి ఇవాళే వెతకండి.

భీమారం బుల్లెట్
నా బండికి రెగ్యులేటర్ కప్లర్ ఇట్లనే కరిగి ముద్దయింది. ప్లాస్టిక్ వాసన వస్తే పొలంలో ఏదో కాలుస్తున్నారనుకున్నా.

అన్నా, వెతుకుడు ఎందుకు? డైనమో స్టడ్ నుంచి బ్యాటరీ ప్లస్‌కు కొత్త లావు వైరు నేరుగా లాగెయ్. పాతది ఎట్లుంటే అట్ల వదిలెయ్.

వైరింగ్ కాక
అట్లా లాగిన బండి ఒకటి నా షెడ్డుకు సగం కాలి వచ్చింది. నేరుగా లాగితే మధ్యలో ఫ్యూజ్ ఉండదు. ఆ వైరు ఎక్కడైనా ఇంజిన్‌కు రాసుకుని పైపొర పోయిందంటే బ్యాటరీలో ఉన్నదంతా అక్కడే దిగుతుంది. తాళం తీసినా ఆగదు. పైగా పాత వైరు అట్లనే ఉంటే వేడెక్కే చోటు కూడా అట్లనే ఉంటుంది కదా.

మిర్చిబండీ, దారిని ముక్కలు చేసి కొలువు. స్టడ్ నుంచి మెయిన్ ఫ్యూజ్ ఈ చివరకు, ఫ్యూజ్ ఈ చివర నుంచి ఆ చివరకు, అక్కడి నుంచి బ్యాటరీ పోల్‌కు. ఎక్కువ ఎక్కడ వస్తే అక్కడ. వైరు పైపొరను సూదితో పొడవకు, రేపు నీళ్లు దిగుతాయి.

మిర్చిబండి
స్టడ్ నుంచి ఫ్యూజ్ దాకా 1.5. ఫ్యూజ్ మీద 0.1. ఫ్యూజ్ నుంచి బ్యాటరీకి 0.1.

ఫ్యూజ్ దాకా వచ్చే వైరు బ్యాటరీ ట్రే కింద నుంచి వెళ్తుంది. ట్రే విప్పాలి. ఇప్పుడు చీకటి పడింది, రేపు పొద్దున చూస్తా. ఈ రాత్రి లోడు వద్దని చెప్పేశాను.

కాజీపేట జంక్షన్
మంచి పని చేశారు. విప్పేముందు బ్యాటరీ మైనస్ తీయండి. ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, తర్వాత మైనస్. ప్లస్ ముందు విప్పుతూ స్పానర్ బాడీకి తగిలితే చెయ్యి కాలుతుంది.

హంటర్ రోడ్ టీచర్
మా కారుకు ఇంజిన్ ఆన్‌లో 15.3 వస్తోంది. ఎక్కువ వస్తే మంచిదే కదా?

వైరింగ్ కాక
మంచిది కాదు మేడమ్, ఎక్కువ చార్జ్ అవుతోంది. అందుకే నీళ్లు తాగుతోంది, ఆ వాసన కూడా అందుకే. ఆ గాలికి నిప్పు అంటుకుంటుంది, దగ్గర అగరుబత్తి కూడా వెలిగించొద్దు. రెగ్యులేటర్ పోయి ఉండొచ్చు. కానీ కొన్ని బండ్లలో బ్యాటరీ వోల్టేజీ చూసుకోవడానికి రెగ్యులేటర్‌కు ప్రత్యేకంగా ఒక సన్న వైరు వస్తుంది. ఆ వైరు జాయింట్ చెడితే బ్యాటరీలో 14 ఉన్నా రెగ్యులేటర్‌కు 13 గానే కనిపిస్తుంది, ఇంకా ఇంకా పంపుతుంది. డైనమో మార్చమని ఎవరైనా అంటే ముందు ఆ సన్న వైరు చూశారా అని అడగండి.

హంటర్ రోడ్ టీచర్
బ్యాటరీ మార్చమన్నారు. అడుగుతాను. చాలా థ్యాంక్స్.

మిర్చిబండి
దొరికింది!

ట్రే తీశాను. కింద వైరు మీద జానెడు పొడవున నల్ల టేపు చుట్టి ఉంది. టేపు వేడికి కరిగి జిగురైపోయి, పట్టుకుంటే వేళ్లకు పాకింది. బ్లేడుతో కోసి చూస్తే లోపల రెండు వైర్లను మెలివేసి కలిపారంతే. లగ్గు (వైరు చివర నొక్కి బిగించే రాగి ముక్క) లేదు, ఏమీ లేదు. పచ్చటి చిలుము పొడి పొడిగా రాలింది. కొంచెం వంచగానే పోగులు ఎండు గడ్డిలా పుటుక్కున తెగాయి. సరిగ్గా లెక్కపెట్టాను, ఆరు పోగులు మిగిలాయి. ఇన్నాళ్లూ నా బండి చార్జింగ్ అంతా ఆ ఆరు పోగుల మీదే నడిచింది.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కింద ముందు ఎడమ పక్క గుద్దుకుంటే బాడీ పని చేయించాను. అప్పుడు తెగిన వైరును కలిపి ఉంటారు. దాని మీదే బ్యాటరీ యాసిడ్ ఆవిరి, బండి కడిగిన నీళ్లు.

ఈ ఒక్క జాయింట్ కోసం రెండు బ్యాటరీలు, ఒక డైనమో రిపేరు.

పరకాల ట్రాక్టర్
ఆరు పోగులతో ఇన్ని రోజులు లోడు మోసిందంటే గట్టి బండే అన్నా.

ఐటీఐ కుర్రోడు
కొత్తది కలిపేటప్పుడు సోల్డరింగ్ చేయించండి, గట్టిగా ఉంటుంది.

వైరింగ్ కాక
కలపడమే వద్దు. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే ముక్క, 16 స్క్వేర్ ఎంఎం మెత్తటి రాగి వైరు. చివరలకు రాగి లగ్గులు, ప్రెస్సింగ్ టూల్‌తో నొక్కించాలి, సుత్తితో కొట్టకూడదు. పైన హీట్ ష్రింక్ స్లీవు. సోల్డర్ పాకిన చోట వైరు కడ్డీలా గట్టిపడి, ఇంజిన్ అదురుకు దాని పక్కనే విరుగుతుంది. మెయిన్ ఫ్యూజ్ దాని స్థానంలోనే ఉండాలి, పాత రేటింగే వేయి. ట్రే కింద నుంచి కాకుండా పక్క నుంచి తిప్పి, క్లిప్పులు కొట్టించు. సైలెన్సర్ పైపుకు దూరంగా.

కాజీపేట జంక్షన్
సోల్డరింగ్ విషయంలో కాకతో పూర్తిగా ఏకీభవించను. ముందు బాగా నొక్కి, తర్వాత సోల్డర్ పోసి, వైరును లగ్గు పక్కనే క్లిప్పుతో పట్టిస్తే నేను ఎక్కడా విరగడం చూడలేదు. ఒకే ముక్క అన్నదానికి మాత్రం నూరు శాతం సరే.

వైరింగ్ కాక
మీ బోగీ అదురు వేరు, ఈ పికప్ అదురు వేరు సార్. ఒకసారి షెడ్డుకు రండి, చాయ్ తాగుతూ తేల్చుకుందాం.

మిర్చిబండి
వైరు వేయించాను. వైరు, లగ్గులు, స్లీవు, కూలీ అన్నీ కలిపి వెయ్యి లోపే. లైట్లు, బ్లోయర్ వేసి రేసు ఎత్తితే స్టడ్ దగ్గర 14.3, బ్యాటరీ మీద 14.1. కాసేపు నడిపి కొత్త వైరు మీద చెయ్యి పెట్టి చూశాను, వేడి లేదు. హెడ్‌లైట్లు ఇంత తెల్లగా వెలుగుతాయని మరిచిపోయాను.

జనవరిలో కొన్న బ్యాటరీ పనికొస్తుందా కాక?

వైరింగ్ కాక
చార్జర్ మీద నిదానంగా రాత్రంతా పెట్టించు. ఖాళీ బ్యాటరీని నింపే పని డైనమో మీద వేయకు. తీసి కొన్ని గంటలు పక్కన పెట్టాక 12.6 దగ్గర నిలిస్తే వాడుకో. దిగిపోతే లోపల ప్లేట్లు దెబ్బతిన్నట్టే.

జమ్మికుంట పత్తి
బాడీ పని చేసినవాళ్లను అడిగావా?

మిర్చిబండి
పోయాను అన్నా. గొడవ పెట్టుకోలేదు. ఆ వైరు ముక్క టేబుల్ మీద పెట్టాను. ఆయన చాలాసేపు చూసి, అప్పుడున్న కుర్రాడు ఇప్పుడు లేడన్నాడు. ఇంకో రెండు బండ్లకు అట్లనే కలిపి ఉంటారని గుర్తు చేసుకుని నా ముందే ఫోన్ చేసి రమ్మన్నాడు. ముక్క అక్కడే వదిలి వచ్చాను.

బ్యాటరీ తీసి ఆరు గంటలయ్యాక చూశాను, 12.6 నిలిచింది. రాత్రి అదే కౌలు రైతు 41 బస్తాలు. గేటు బయట లైన్లో ఇంజిన్ బంద్ చేస్తుంటే ఆయన కంగారుగా నా వైపు చూశాడు. లైను కదలగానే సెల్ఫ్ కొట్టాను, ఒక్క దెబ్బకే అందుకుంది. ఆయన అప్పుడు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.